గోడకు మూడడుగుల వెలితి

పోయిన వారం మనం ఫిదెన్సియోను కాలవ గట్టు మీద వదిలి వచ్చాం. చర్చి దగ్గర పల్లంలో తన పాత పికప్ ఆగనంటే ఆగనని మొండికేస్తే, దాన్ని ఒడుపుగా గట్టుకు ఆనించి ఆపి, దిగీ దిగగానే బండి బంపరు తడిమి చూసుకుని, ఆ తరువాత గాని తన మోకాలి సంగతి గుర్తు తెచ్చుకోని మనిషి ఆయన. డెబ్బై నాలుగేళ్లు. న్యూ మెక్సికో కొండల్లో వాయెసీతో అనే ఆ చిన్న ఊళ్లో ఆయన కట్టెలు తోలని ఇల్లు లేదు.

ఆ సాయంత్రమే కూతురు ఓర్లిందా కొత్త పికప్ ఒకటి తెచ్చి వాకిట్లో నిలబెట్టింది. నీలం రంగు, నాలుగు తలుపులు, పక్కన నిలబడినా వినపడని ఇంజను. పాతదాన్ని శనివారం పొద్దున ఎస్పన్యోలాలో షోరూము వాళ్లకు అప్పగించాలి. అందాకా నడుపుకోవాలంటే బ్రేకులు బాగు చేయించుకుని తీరాలని కూతురి షరతు. ఓర్లిందా ఇరవై ఏళ్లుగా స్కూలు బస్సు నడుపుతోంది. పొద్దున్నే బ్రేకులు తొక్కి చూడందే బస్సు కదపదు. అలాంటి మనిషికి "చేయించానమ్మా" అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నాడు ఫిదెన్సియో.

చేయించలేదు. బ్రేకులకు నూనె తోసే మాస్టర్ సిలిండర్ పోయిందనీ, ముప్ఫై ఎనిమిదేళ్ల బండికి ఆ ముక్క దొరకాలంటే రెండు వారాలు పడుతుందనీ మెకానిక్ చెప్పాడు. రెండు వారాలకు బండే ఉండదు. అందుకని ఈయనే ఒక చిట్కా కనిపెట్టాడు. పెడల్‌ను గబగబా మూడుసార్లు తొక్కితే మూడోసారికి కాస్త పట్టు దొరుకుతుంది. బల్లపరుపు దారిలో దాంతో గడిచిపోతుంది. పల్లంలోకి మాత్రం దించకూడదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం ఫిదెన్సియో, ఇప్పుడు ఆయన బ్రేకుకు మూడు తొక్కులు. ఆ సంగతి ఆయనకూ ఆ పెడల్‌కూ తప్ప మూడో ప్రాణికి తెలియదు.

ఇక కథ శుక్రవారం దగ్గరికి వచ్చింది. అక్టోబరు మొదటి శుక్రవారం. ఊరంతా మిరపకాయలు కాలుస్తున్న వాసన.

ఏటా ఆ రోజున ఫిదెన్సియో కొండ మీది నుంచి దించిన మొదటి లోడు సబీనా ఇంటికి వెళుతుంది. సబీనా మొగుడు కాసిమీరో, ఫిదెన్సియో ఇద్దరూ చిన్నప్పటి నుంచీ ఒక కంచంలో తిన్నవాళ్లు. ఓర్లిందాకు జ్ఞానస్నానం చేయించినప్పుడు ఒడిలో పట్టుకున్నది ఆ దంపతులే. అప్పటి నుంచి ఆ ఇంటికీ ఈ ఇంటికీ వియ్యమందినంత మర్యాద. మగవాళ్లను కొంపాద్రె, ఆడవాళ్లను కొమాద్రె అని పిలుచుకోవాలి, ఎంత చనువున్నా "మీరు" అనే పలకాలి. ఓర్లిందాకు సబీనా "నీనా", అంటే జ్ఞానస్నానపు తల్లి.

తొంభై రెండు ఫిబ్రవరిలో కాసిమీరో నిమోనియాతో పోయాడు. నెలలోపు సబీనా ఫిదెన్సియోను పిలిచి, వాకిట్లో ఉన్న ఆ చిన్న పికప్ చూపించి, "నా కళ్ల ముందు ఇది వద్దు కొంపాద్రె. తీసుకెళ్లండి. ఇది నడిచినంత కాలం ఏడాదికో లోడు నా గోడకు చేర్చండి, అంతే," అంది. ఆయన టోపీ తీసి సరేనన్నాడు. ఆ కొండల్లో వస్తువు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారడానికి అంతకన్నా తతంగం లేదు. కాగితాలు మార్చుకోవాలని ఇద్దరికీ తోచలేదు. బండి కాగితం కాసిమీరో, సబీనాల పేరు మీదే బిస్కెట్ల డబ్బాలో ఉండిపోయింది. పన్ను కట్టినట్టు నంబరు ప్లేటు మీద అంటించే ఏడాది స్టిక్కరు కూడా ఆమె ఇంటికే పోస్టులో వచ్చేది. లోడు దించిన రోజున కాఫీ, సోంపు బిస్కెట్లు పెట్టి, ఆ స్టిక్కరు ఆయన చేతికిచ్చేది. ఆయన వాకిట్లో గొంతుక్కూర్చుని, పాతదాని మీద కొత్తది అంటించి, బొటనవేలి గోరుతో నొక్కేవాడు. ముప్ఫై ఒక్క లోడ్లు, ముప్ఫై ఒక్క స్టిక్కర్లు.

షోరూము వాళ్లు అసలు కాగితం, దాని మీద సంతకం కావాలన్నప్పుడు గాని ఓర్లిందాకు ఈ బాగోతం తెలియలేదు.

"ముప్ఫై ఏళ్లు ఇంకొకళ్ల బండి నడిపావా నాన్నా?" అంది.

"ఇంకొకళ్లదేంటే. నాదే. కాగితానికి తెలీదంతే," అన్నాడు.

అందుకే ఈసారి లోడు దించటానికి కూతురు కూడా బయలుదేరింది. కట్టెలు కొత్త బండిలో వేయాలని ఆమే పట్టుబట్టింది. ఫిదెన్సియో మాత్రం అందులో ఎక్కనన్నాడు. "నేను అందులో కాలు పెట్టానంటే, నన్ను పడుకోబెట్టి చర్చికి తీసుకెళ్తున్నారని అర్థం," అని ఊళ్లో నలుగురి ముందు ఒట్టు పెట్టుకున్నాడు మరి. కూతురు ముందు వెళుతుంటే, తన ఖాళీ బండేసుకుని నదిని ఆనుకున్న చదును దారిలో, వంతెన దగ్గర మూడు తొక్కులు, పెద్ద రోడ్డు మలుపు దగ్గర మూడు తొక్కులు తొక్కుకుంటూ వెనకాలే వచ్చాడు.

సబీనా వరండాలో నిలబడి ఉంది. డెబ్బై ఒకటి. తెల్లజుట్టు నున్నగా దువ్వి ముడి వేసుకుని, కాసిమీరో పాత కోటు తొడుక్కుంది. మొహంలో కొంచెం కంగారు.

"కాఫీ పెట్టలేదు కొంపాద్రె," అంది, అదేదో తప్పయినట్టు. "మీ బండి వంతెన మీదికి రాగానే నాకు వినపడుతుంది. అప్పుడు పొయ్యి మీద పెడితే మీరు గేటు దాటేసరికి పొంగుతుంది. ఇవాళ ఈ నీలంది దయ్యంలా వచ్చి వాకిట్లో నిలబడింది. దీని గొంతు ఏమైంది?"

"గొంతు లేకపోవటమే దీని గొప్ప నీనా," అని నవ్వింది ఓర్లిందా. "బండి వస్తున్నట్టు ఊరందరికీ చెప్పుకోవాల్సిన పని లేదు."

"మరి మాకెలా తెలియాలి?"

ముగ్గురూ కట్టెలు దించసాగారు. సబీనా అలవాటు ప్రకారం బండి పక్కకు వెళ్లి చెయ్యి చాచింది. పాతదాని అంచు ఆమె నడుము దాకా వచ్చేది, నేల మీద నిలబడే అడుగున ఉన్న కట్టె కూడా అందుకునేది. దీని అంచు ఆమె రొమ్ముల దాకా వచ్చింది. చెయ్యి గాలిలో తడుముకుని వెనక్కి వచ్చింది. ఆమె వెనక తలుపు దగ్గరికి నడిచింది. ఫిదెన్సియో అది చూశాడు. చూసి లోలోపల కొంచెం సంతోషించాడు కూడా, అబద్ధమెందుకు.

ఆమె ఇంటి మట్టిగోడకు, గుమ్మం నుంచి కిటికీ దాకా పన్నెండు అడుగులు. కాసిమీరో బతికున్నప్పటి నుంచీ ఆ పికప్ నిండా తెస్తే ఆ గోడ నిండుతుంది. ఆ ఊళ్లో కట్టెలకు కొలతంటే అదే. ఎవరింట్లో ఎన్ని కావాలన్నా "కాసిమీరో బండికి ఒకటి", "కాసిమీరో బండికి రెండు" అనే చెబుతారు. అధికారికంగా కట్టెలకు వేరే కొలత ఉందని ఓర్లిందా తరం వాళ్లకు తెలుసు గాని ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

నీలం బండి ఖాళీ అయింది. పేర్పు గుమ్మం దగ్గర మొదలై, తొమ్మిది అడుగులు నడిచి, ఆగిపోయింది. కిటికీకి ఇవతల మూడడుగుల గోడ బోసిగా కనపడింది.

సబీనా చేతులు కోటుకు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"ఇది లోడు కాదమ్మా," అంది.

"బండి నిండా తెచ్చాను నీనా. అంచు పైకి కూడా పేర్చాను."

"నీ బండి నిండింది. నా గోడ నిండలేదు."

ఓర్లిందా మొహం ఎర్రబడింది. పొద్దుటి నుంచి కొండ మీద చెమటోడ్చిన మనిషి. "దాని తొట్టి ఆరడుగులు, దీనిది నాలుగున్నర. ఒప్పుకుంటాను. ఆ అడుగున్నర ఎక్కడికి పోయిందో చెప్పనా? నా పిల్లలిద్దరూ కూచునే వెనక సీటు అయింది. చిన్నప్పుడు నాన్నకూ కాసిమీరో మామకూ మధ్య, గేరు రాడ్డుకు అటో కాలు ఇటో కాలు వేసుకుని కూచునేదాన్ని. బెల్టు లేదు, ఎయిర్ బ్యాగు లేదు. ఏదన్నా అయితే నేను అద్దం పగలగొట్టుకుని బయటికి పోయేదాన్ని. నా పిల్లల్ని అలా కూచోబెట్టమంటారా?"

"వద్దు," అంది సబీనా వెంటనే. "వద్దమ్మా. నువ్వన్నది నిజం."

"మోకాలు నొప్పిగా ఉన్నా క్లచ్ తొక్కక్కర్లేదు. చలికాలం సీటు వెచ్చగా ఉంటుంది. తొక్కితే ఆగుతుంది." ఆ ఆఖరి మాట తండ్రి వంక చూసి అంది. "బ్రేకులు నిజంగా చేయించావు కదా నాన్నా?"

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు," అన్నాడు ఫిదెన్సియో, చేతిలో ఉన్న కట్టె బెరడు ఒలుస్తూ. తేలు కుట్టిన దొంగ ఇంతకన్నా ఏం మాట్లాడతాడు?

సబీనా మాత్రం పాత బండి వైపే చూస్తోంది. కాసిమీరో దాన్ని కొత్తగా తెచ్చిన రోజున ముగ్గురూ ఒకే సీట్లో కూర్చుని తావోస్ దాకా వెళ్లారు. కాసిమీరో స్టీరింగు దగ్గర, ఆమె మధ్యలో, ఫిదెన్సియో కిటికీ పక్కన. ఎవరి మోచెయ్యి ఎవరిదో తెలియని ఇరుకు. దారంతా కాసిమీరో పాడుతూనే ఉన్నాడు, ఒక్క పాటా పూర్తిగా రాదు. కొత్త బండిలో రెండు సీట్ల మధ్య పెట్టె ఒకటి ఉంది. అందులో కాఫీ గ్లాసులు పడతాయి, మధ్యలో మనిషి పట్టడు. ఫిదెన్సియోకు ఇవన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. బెరడు ఒలవడం ఆపలేదు.

"సరే నీనా, ఇంకో ట్రిప్పు తెస్తాను. సాయంత్రంలోగా మీ గోడ నింపుతాను," అంది ఓర్లిందా మెత్తబడి.

"వద్దు. నాకు కట్టెలతో పని లేదు."

"అదేంటి?"

సబీనా ఇంటి వెనక్కి దారి తీసింది. ఒకప్పుడు మేకలుండే కొట్టం అక్కడ ఉంది. మేకలు పోయి చాలా ఏళ్లయింది. ఆమె గడియ తీసి తలుపు పక్కకు నెట్టింది.

లోపల నేల నుంచి కప్పు దాకా కట్టెలు. వరసలు వరసలుగా, ఒక్క పుల్ల పక్కకు పోకుండా పేర్చి ఉన్నాయి. వెనక వరసలు బూడిద రంగుకు తిరిగాయి, ముందువి ఇంకా పసుపుగా జిగురు వాసన వేస్తున్నాయి. ప్రతి వరస మీదా సుద్దముక్కతో ఏడాది రాసి ఉంది. చివర 2012. ముందర 2022. పదకొండు వరసలు. ఏ వరసలోనూ ఒక్క కట్టె తగ్గలేదు.

"గ్యాసు పెట్టించాడు మా అబ్బాయి," అంది సబీనా, తలుపు పట్టుకుని నేల చూస్తూ. "పదకొండేళ్లయింది. మీట తిప్పితే ఇల్లంతా వేడి. చెబుదామనే అనుకున్నాను. మొదటి ఏడాది మీరు అప్పటికే తెచ్చేశారు. రెండో ఏడాది మీ ఆవిడకు బాగాలేదు, ఆ కష్టంలో కూడా తెచ్చారు. ఆ తరువాత ఎలా చెప్పాలో తెలియలేదు. మీరు వెళ్లాక తోపుడు బండిలో వేసుకుని ఇక్కడికి తెచ్చి పేర్చుకునేదాన్ని. మూడు రోజులు పట్టేది." ఒక్క క్షణం ఆగింది. "కట్టెలు వద్దంటే మీరు రావటం మానేస్తారు కొంపాద్రె. నాకు కావలసింది అది కాదు."

ఓర్లిందా చెయ్యి తనకు తెలియకుండానే నోటి మీదికి వెళ్లింది.

ఫిదెన్సియో టోపీ తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

"మీ గ్యాసు ట్యాంకు తెల్లగా, గుర్రమంత ఉంటుంది కొమాద్రె," అన్నాడు చివరికి. "రోడ్డు మీదికి కనపడుతుంది. పెట్టించిన వారమే చూశాను."

"చూశారా?"

"మీ పొగగొట్టంలో పొగ రావటం లేదని కూడా చూశాను. పదకొండు చలికాలాలు."

"తెలిసీ ఎందుకు తెచ్చారు?"

"మీరు వద్దనలేదు కదా."

డెబ్బై దాటిన ఇద్దరు మనుషులు పదకొండేళ్లుగా ఒకరి కోసం ఒకరు కట్టెలు మోసుకున్నారు, ఇద్దరిలో ఎవరికీ కట్టెలతో పని లేకుండానే. ఫిదెన్సియోకు సిగ్గు వేసింది, నవ్వు వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. మూడూ ఒకేసారి రావడంతో దేన్ని బయటికి రానివ్వాలో తెలియక దగ్గాడు.

ఓర్లిందా కళ్లు తుడుచుకుంది. "షోరూము వాళ్లకు ఫోన్ చేస్తాను," అంది. "ఈ బండి ఇవ్వటం లేదని చెబుతాను. బ్రేకులు కూడా బాగయ్యాయి కాబట్టి ఇంక నాకు భయం లేదు. ఉండనీ నాన్నా. ఏడాదికో లోడు తోలుకో."

ఎదురు చూసిన వరం ఎదురుగా వచ్చి నిలబడితే ఫిదెన్సియో కూతురి మొహం తప్పించి కట్టెల వంక చూశాడు. ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడు చెబితే ఆ వరం ఊడుతుంది. ఇంకొక్క నిమిషం ఆగి చెబుదామనుకున్నాడు.

"తొందరపడకమ్మా," అంది సబీనా. "ఎప్పటికైనా కాగితం మీద సంతకం పెట్టాల్సిందే. మీ నాన్న పేరు మీద పెడతానో, షోరూము పేరు మీద పెడతానో, నన్నూ కాస్త ఆలోచించుకోనీ." కోటు జేబులోంచి బిస్కెట్ల డబ్బా తీసి ఓర్లిందా చేతిలో పెట్టింది. "కాగితం ఇందులో ఉంది. చూస్తూ ఉండండి. కలం తెస్తాను, కాఫీ కూడా పెడతాను."

ఆమె వెళ్లింది. ఓర్లిందా డబ్బా మూత తీసింది. పసుపు పచ్చబడిన కాగితం, కాసిమీరో వంకరటింకర సంతకం. దాని పక్కనే వచ్చే ఏడాది స్టిక్కరు, పోస్టులో వచ్చిన కవరులోనే భద్రంగా ఉంది. ఫిదెన్సియో దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూస్తున్నాడు. బండి రేపు పోతుందని, ఓర్లిందా కాగితం అడిగిన బుధవారమే ఆమెకు తెలుసు. అయినా స్టిక్కరు ఆయన కోసం తీసి ఉంచింది.

"నాన్నా," అంది ఓర్లిందా మెల్లిగా, "ఇన్నేళ్లూ నువ్వు..."

వాకిట్లో ఇంజను మోగింది.

చోక్ లాగి, క్లచ్ రెండుసార్లు తొక్కి, తాళం సగం తిప్పి, ఊపిరి పీల్చినంతసేపు ఆగి అప్పుడు పూర్తిగా తిప్పితేనే అది అంటుకుంటుంది. ఆ కిటుకు ప్రపంచంలో తన ఒక్కడికే తెలుసని ముప్ఫై ఏళ్లుగా ఫిదెన్సియో గర్వం. ఇప్పుడది మొదటిసారికే అంటుకుంది. తనకన్నా ముందు ఆమె కూడా దాన్ని నడిపేదని ఆయన మరిచిపోయాడు. తాళం, ఊళ్లో అందరిలాగే, తానూ బండిలోనే వదిలేశాడు.

ఇద్దరూ కొట్టం బయటికి వచ్చేసరికి పాత బండి గేటు దగ్గర ఉంది. సబీనా కిటికీ అద్దం చేత్తో తిప్పి దించి, తల బయట పెట్టింది. ముప్ఫై ఏళ్లు తగ్గినట్టున్న మొహం.

"సంతకం పెట్టేముందు ఒకసారి ఆయనకు చూపించి వస్తాను," అని కేక వేసి, ఎడమ వైపు తిప్పింది.

ఎడమ వైపు దారి కొండ మీది సమాధుల దగ్గరికి వెళుతుంది. కాసిమీరో అక్కడే ఉన్నాడు. ఎక్కడానికి ఇబ్బంది లేదు. దిగేటప్పుడు మాత్రం అరమైలు నిలువు పల్లం, మధ్యలో ఒక మలుపు, చివర కంకర లారీలు తిరిగే పెద్ద రోడ్డు.

"సబీనా," అని అరిచాడు ఫిదెన్సియో. కొమాద్రె అనలేదు. నలభై అయిదేళ్లలో ఆ పేరు ఒక్కటే ఆయన నోట రావడం అదే మొదటిసారి. పాత బండి చప్పుడులో అది ఆమెకు వినపడలేదు.

"పోనీ నాన్నా," అంది ఓర్లిందా, నవ్వుతూనే. "ఆవిడ బండే కదా. చక్కగా నడుపుతోంది. బ్రేకులు కూడా..." తండ్రి మొహం చూసి ఆగిపోయింది.

"చేయించలేదే."

"ఏంటి?"

"చేయించలేదు. మూడుసార్లు తొక్కితే గాని పట్టవు. ఆ పల్లంలో మూడుసార్లు తొక్కినా పట్టవు. నీకు చెబితే తాళం లాక్కుంటావని చెప్పలేదు."

ఓర్లిందా పరిగెత్తుకెళ్లి నీలం బండి ఎక్కి స్టార్ట్ చేసింది. ఫోను చేసి ఆపుదామన్నా, వంటింటి కిటికీలో సబీనా ఫోను కనపడుతోంది, కాఫీ గిన్నె పక్కన.

ఫిదెన్సియో కుంటుకుంటూ వచ్చి, ఒట్టు గిట్టు గుర్తు రాకుండానే రెండో వైపు తలుపు తీసి లోపల కూలబడ్డాడు. బెల్టు ఎక్కడుందో తెలియలేదు. కూతురే ఒక చేత్తో లాగి కట్టింది. బండి చప్పుడు లేకుండా ముందుకు దూకింది. ఆ నిశ్శబ్దంలో, అద్దం దించి, ఆయన చెవులు కొండ మీదికి రిక్కించాడు.

పైన, మలుపు దాటి ఎక్కుతున్న పాత ఇంజను మూలుగు వినపడుతోంది. ఇంకా పైకి. ఇంకా పైకి. తరువాత ఆగిపోయింది. ఆమె చేరింది.

"మాటల్లో పడుతుంది," అన్నాడు ఫిదెన్సియో, గొణుగుతున్నట్టు. "కాసిమీరోతో ఆమె ఎప్పుడూ గంట మాట్లాడుతుంది. అందుకుంటాం. పోనివ్వు తల్లీ."

నీలం బండి పెద్ద రోడ్డు దాటి కొండ దారి మొదట్లోకి వచ్చింది. సరిగ్గా అప్పుడు పైన పాత ఇంజను మళ్లీ అంటుకుంది, మొదటిసారికే.